మీకు తెలుసా? అద్దాలు వదిలినా కన్ను పొడవు తగ్గదు

శుక్లాల ఆపరేషన్‌తో మైనస్ పది అద్దాలు కూడా ఇంచుమించు వదిలిపోవచ్చు. ‘ఇక నాకు సైటు లేదు’ అని సంబరపడతాం. నిజానికి మారింది లోపలి లెన్సే. మామూలు కన్ను ముందు నుంచి వెనక్కి సుమారు 24 మిల్లీమీటర్లు. సైటు బాగా ఎక్కువున్న కన్ను 26 దాటుతుంది, 30 కూడా దాటొచ్చు. ఆ పొడవూ, సాగి పలచబడ్డ రెటీనా ఎప్పటిలాగే ఉంటాయి.

రెటీనాను పొరలు పొరలుగా చూపేది 1991లో వెలుగులోకి వచ్చిన ఓసీటీ స్కాన్. ఇది కాంతితో చేసే అల్ట్రాసౌండ్ లాంటిది. శుక్లం ఆ కాంతికి అడ్డు కాబట్టి, మసక బొమ్మలో దాగిన పొరల చీలిక ఆపరేషన్ తర్వాతే బయటపడొచ్చు. తమాషా ఏమిటంటే, పొడవాటి కంట్లో రెటీనా లోతు గిన్నెలా వంగి ఉంటుంది. స్కాన్ చట్రంలో పట్టని అంచులు తలకిందులుగా మడతపడి కనిపిస్తాయి. పైగా యంత్రం మామూలు కళ్లతో పోల్చి, గ్లాకోమా లేకున్నా నరాల పొర పలచనైందంటూ ఎర్రరంగు చూపొచ్చు. ఆ ఎరుపు సంగతి డాక్టరే తేల్చాలి.

కంట్లో కొత్తగా మెరుపులు, నల్లచుక్కల జల్లు, పక్కనుంచి తెర దిగినట్టు ఉంటే మాత్రం ఆ రోజే చూపించుకోవాలి. రెటీనా ఊడే ముప్పు ఈ కళ్లకు ఎక్కువ.