నోరున్నది, చెవి ఏది?

పౌర సంబంధాలు అనే మాట మనకు కొత్త కాదు. ప్రభుత్వ శాఖలకు, రైల్వేలకు, పెద్ద కంపెనీలకు పౌర సంబంధాల అధికారులున్నారు. పత్రికలకు వార్త పంపేది, గోడపత్రాలు అచ్చు వేయించేది వారే. అయితే సంబంధం అన్నప్పుడు ఇరుపక్షాలుండాలి గదా! ఒక పక్షమే మాట్లాడి రెండవ పక్షం తలవంచుకొని కూర్చుంటే పెళ్లి సంబంధమైనా కుదరదు. మన దేశంలో ఈ పని చాలాకాలం ఒక పక్షపు మాటగానే నడిచినది.

పూర్వం టముకు వేసేవాడు వీధి మొగలో నిలబడి సర్కారు ఉత్తరువు చాటి, పక్క వీధికి పోయేవాడు. శిస్తు ఎందుకు పెరిగినదని అతనిని అడిగి లాభం లేదు. జవాబు చెప్పే అధికారం అతనికి లేదు. దొరల కాలంలో కాగితం మీద సాగిన ప్రచారమూ ఇదే తీరు. మొదటి ప్రపంచ యుద్ధంలో (1914–18) సిపాయిలను చేర్చుకోవటానికి, యుద్ధ ఋణాలు పోగు చేయటానికి ప్రచారం కావలసివచ్చినది. 1919లో కేంద్రంలో ఒక సమాచార కార్యాలయం నెలకొల్పినారు. 1920 దశకంలో దానిని కొన్నేళ్లు నడిపినది రష్‌బ్రూక్ విలియమ్స్ అనే ఆంగ్లేయ చరిత్రకారుడు. జలియన్‌వాలాబాగ్ గాయం ఆరని రోజులవి. పాలకుల మాట జనానికి చేరటమే ముఖ్యమైనది గాని, జనం మాట పాలకులకు చేరటం కాదు.

1947లో దొరలు పోయినారు, పద్ధతులు మిగిలినవి. వాటికి తోడు అమెరికా పాఠ్యగ్రంథాలు వచ్చినవి. ఆ పుస్తకాలలోని పత్రికా పాఠకుడు వేరు, మన పల్లెలో వేలిముద్ర వేసే రైతు వేరు. 1958లో భారత పౌర సంబంధాల సంఘం ఏర్పడినది. 1968 ఏప్రిల్‌లో ఢిల్లీ మహాసభలో వృత్తి ధర్మ నియమావళిని అంగీకరించినారు. మంచిదే. కాని అసలు పరీక్ష పల్లెలలో జరిగినది.

కుటుంబ నియంత్రణ సంగతి చూడండి. ఆ పథకం 1952లో మొదలైనది. తలక్రిందులుగా ఉన్న ఎర్ర త్రికోణం, ఇద్దరు పిల్లల బొమ్మ చూడని గోడ లేదు. చెప్పినది మంచి మాటే. అయినా బిడ్డ బ్రతుకుతాడో లేదో తెలియని తల్లి భయాన్ని అడిగి తెలుసుకొన్నవారు తక్కువ. అత్యవసర పరిస్థితి రోజులలో (1975–77) లక్ష్యాల అంకెలు ముందుకు వచ్చి, చెప్పటం పోయి బలవంతం వచ్చినది. 1976–77 ఒక్క సంవత్సరంలో 80 లక్షలకు పైగా శస్త్రచికిత్సలు జరిగినవి. 1977 ఎన్నికలలో జనం జవాబు చెప్పినారు. ఆ పథకం పేరు ‘కుటుంబ సంక్షేమం’గా మారినది.

ఒడిశాలోని నియమగిరి కథ మరొకటి. బాక్సైట్ గని వలన మేలు కలుగుతుందని కంపెనీ ఎంతో ప్రచారం చేసినది. ఆ కొండను దేవుడిగా కొలిచే డొంగ్రియా కోందుల మాట ఏమిటి? గ్రామసభలనే అడగవలసిందని 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. రాయగడ జిల్లాలో 7, కలహండి జిల్లాలో 5, మొత్తం 12 గ్రామసభలూ వద్దన్నవి. అడిగితేనే గదా తెలిసినది!

ఇక మన సంగతి. హోసూరులోనో, కోలారులోనో, బరంపురంలోనో, షోలాపూరులోనో తరతరాలుగా ఉన్నాము. అక్కడి భాష నేర్చినాము, గౌరవిస్తాము. కాని మన ఇళ్లలో ముసలివారికి వైద్య పథకం నోటీసు తెలుగులో చదివి చెప్పేవారు లేకపోతే, ఆ పథకం వారికి లేనట్టే. ఆఫీసు గుమాస్తాగా నేను చూస్తున్నదేమిటంటే, సర్క్యులర్ బోర్డుకు అంటించగానే ‘ప్రజలకు తెలియజేయడమైనది’ అని ఫైలు మూసివేస్తారు. తెలిసినదా అని అడిగే గడి ఆ ఫైలులో లేదు.

చట్టంలో మాత్రం చోటున్నది. ఆ రాష్ట్రంలో వాడుకలోనున్న ఏ భాషలోనైనా అక్కడి అధికారులకు ఫిర్యాదు వ్రాసుకొనే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చినది. జిల్లాలో గాని తాలూకాలో గాని 15 శాతం మంది మాట్లాడే భాషలో ముఖ్యమైన ప్రకటనలు వెలువడాలన్నది భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణలలో ఒకటి. 2005 నాటి సమాచార హక్కు చట్టం నాలుగవ సెక్షను కూడా సమాచారం ఇచ్చేటప్పుడు స్థానిక భాషను గమనించమన్నది.

కాబట్టి మన సంఘాలు ఉగాది సభతోనే తృప్తిపడక, నెలకొకసారైనా చదువు వచ్చిన నలుగురిని కూర్చోబెట్టి ప్రభుత్వ నోటీసులు తెలుగులో వినిపించాలి. పెద్దల సందేహాలు వ్రాసుకొని అధికారులకు పంపాలి. జవాబు రాకపోతే మళ్లీ వ్రాయాలి. మనం అడుగుతూ ఉంటేనే సర్కారు వినటం నేర్చుకొంటుంది.