పద్నాలుగో రోజు

మా వంటింటి తలుపు పక్కన ఒక గోడ కాలెండరు వున్నది. తిథి, వర్జ్యం చూసుకోవడానికి తగిలించినది. దాని మీద మా కోడలు నెలకొకసారి ఎర్ర పెన్సిలుతో ఒక సున్న చుట్టేది. పాల లెక్క కాబోలునని నేను పట్టించుకోలేదు.

మాది నంద్యాల జిల్లా బండి ఆత్మకూరు. అబ్బాయికి హైదరాబాదులో వుద్యోగం. కోడలు నా దగ్గరే వుంటుంది. పెళ్లయి మూడేళ్లయినా విశేషం లేదు. ఓంకారం వెళ్లి ఓంకారేశ్వరుడికి మొక్కుకున్నాం. ఒకనాడు విసుగుతో, "ఏ లోపమూ లేకపోతే యిన్నాళ్లు పడుతుందా?" అనేశాను. ఆ పిల్ల మారు మాట్లాడకుండా దొడ్లోకి వెళ్లిపోయింది.

పద్నాలుగో రోజు మంచిదని ఎవరో చెప్పగా, అబ్బాయి ప్రతినెలా పన్నెండు నుంచి పద్నాలుగో రోజు దాకా సెలవు పెట్టి, నంద్యాలలో రైలు దిగి వచ్చేవాడు. పదిహేనో రోజు తెల్లవారక ముందే ప్రయాణం.

చివరకు నంద్యాలలో ఒక డాక్టరమ్మ దగ్గరకు వెళ్లాం. "నెలసరి ఎన్నాళ్లకొకసారి వస్తుందమ్మా?" అని అడిగింది. కోడలు సంచిలోనుంచి కాలెండరు కాగితాలు తీసింది. 34, 35, 34. డాక్టరమ్మ నవ్వింది. "పద్నాలుగో రోజు లెక్క 28 రోజుల వాళ్లకు. నీకు ఇరవయ్యో రోజు!"

అప్పుడామె చెప్పినది ప్రతి తల్లీ, ప్రతి అత్తా తెలుసుకోదగ్గది. అండం విడుదలయ్యేది వచ్చే నెలసరికి సుమారు పద్నాలుగు రోజుల ముందు. కాబట్టి ముందుకు కాదు, వెనక్కి లెక్కించాలి. 28 రోజుల వారికి పద్నాలుగో రోజు, 25 రోజుల వారికి పదకొండు, 34 రోజుల వారికి ఇరవై. అండం ఆయుష్షు ఒక్కరోజు మించదు. పురుష బీజం అయిదు రోజుల దాకా బతకగలదు. అంటే అండం విడుదలయ్యే రోజూ, దానికి ముందు అయిదు రోజులూ కలిపి ఆరు రోజులే అదను. మా కోడలికి అవి పదిహేను నుంచి ఇరవై దాకా. మా వాడు సరిగ్గా ఆ ముందురోజే రైలెక్కుతున్నాడు!

ఈ వెనకలెక్కను 1920లలో జపాను వైద్యుడు ఒగినో, ఆస్ట్రియా వైద్యుడు క్నౌస్ వేర్వేరుగా కనిపెట్టారు. 1950ల తొలినాళ్లలో మైసూరు రాష్ట్రంలోని రామనగరంలో, పిల్లలు వద్దనుకునేవారికి యిదే లెక్కను రంగు పూసల దండతో నేర్పి చూశారు. కాని అందరి నెలా ఒక్క దండలో యిమడదు గదా! అందుకే ఎవరి లెక్క వారే రాసుకోవాలి.

రాసుకోవడమూ తేలికే. తలస్నానం చేసిన రోజు కాదు, ఎరుపు కనిపించిన మొదటి రోజే ఒకటి. కనీసం ఆరు నెలలు గుర్తు పెట్టండి. అదను రోజుల్లో తెల్లబట్ట కోడిగుడ్డు తెల్లసొనలా జారుడుగా, సాగుతూ వుంటుంది. ఆ గుర్తు కాలెండరుకన్నా నమ్మకమైనది. పక్క దిగకముందు థర్మామీటరు పెట్టుకుంటే, అండం విడుదలయ్యాక వేడి కాస్త పెరుగుతుంది. అయితే అది జరిగిపోయినదాన్ని చెబుతుందే గాని రాబోయేదాన్ని చెప్పదు. సెల్‌ఫోనులోని యాప్ కూడా వెనకటి నెలలను చూసి వూహించేదే. నెలసరి 21 రోజులకు ముందే వస్తున్నా, 35 రోజులు దాటుతున్నా డాక్టరుకు చూపించాలి. ఏడాది ప్రయత్నించినా ఫలితం లేకపోతే, ముప్పయి అయిదేళ్లు దాటినవారైతే ఆరు నెలలకే, దంపతులిద్దరూ పరీక్ష చేయించుకోవాలి. ఇద్దరూ అంటున్నాను, గమనించండి. మా వాడూ చేయించుకున్నాడు. గర్భం కోరే ముందునుంచే రోజుకు 400 మైక్రోగ్రాముల ఫోలిక్ ఆమ్లం వాడమని కూడా డాక్టరమ్మ చెప్పింది.

ఇప్పుడు కోడలికి మూడో నెల. సెలవు మార్చినందువల్లనే అయిందని గుద్ది చెప్పలేను. మొక్కు తీర్చడానికి ఓంకారం ఎలాగూ వెళతాం. కాని ఆ పిల్లను నేనన్న మాటకు ఏ మొక్కు తీర్చాలి?

మొన్న దొడ్లో కూర్చుని ఆ మాటే ఎత్తాను. కోడలు నవ్వి, "పోనీలే అత్తయ్యా, మీకు మాత్రం ఎవరు చెప్పారు?" అన్నది.

నిజమే. నాకెవరూ చెప్పలేదు. అందుకే మీకు చెబుతున్నాను.