పన్నెండేళ్ల పువ్వు, పన్నెండు నెలల కడుపు

2018లో నేను ఏడో తరగతి. మున్నార్‌లో నీలకురింజి పూస్తుందని నాన్న ప్రయాణం పెట్టారు. ఆగస్టులో కేరళకి వరదలొచ్చి అది కాస్తా ఆగిపోయింది. "వచ్చే ఏడాది వెళ్దాం నాన్నా" అన్నాను. "వచ్చే ఏడాది కాదురా, మళ్లీ 2030లోనే" అన్నారు.

మొన్న హాస్టల్లో మాంటా రే అనే చేప గురించి వీడియో చూస్తుంటే ఆ మాట గుర్తొచ్చింది. ఒకటి కొండ మీద మొక్క, ఇంకోటి సముద్రంలో చేప. కానీ పిల్లల్ని కనడంలో రెండింటికీ తొందర లేదు.

నీలకురింజి పడమటి కనుమల్లో గడ్డి కొండల మీద పెరిగే పొద. పన్నెండేళ్లు ఆకులతోనే గడిపి, అన్నీ కలిసి ఒకేసారి పూసి, విత్తనాలు రాల్చి చచ్చిపోతాయి. ఒకేసారి ఎందుకంటే, అన్ని విత్తనాలు ఒక్కసారి వస్తే తినే జీవులు ఎంత తిన్నా కొన్ని మిగులుతాయని ఒక వివరణ.

మాంటా రే సొరచేపకి చుట్టం. పెద్ద జాతిలో రెక్కల వెడల్పు ఏడు మీటర్ల దాకా ఉంటుంది. తినేది మాత్రం నీళ్లలో తేలే సన్నటి ప్లాంక్టన్. దాదాపు పన్నెండు నెలలు మోసి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. మళ్లీ కాన్పుకి రెండు మూడేళ్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది.

తేడా ఎక్కడంటే, మొక్క ఉన్నదంతా ఒకేసారి పందెం కాస్తుంది. చేప కొంచెం కొంచెంగా కాస్తుంది. అందుకే ప్రమాదాలు కూడా వేరు. పూసిన కురింజిని విత్తనం రాలకముందే పీకేస్తే దాని పన్నెండేళ్లు వృథా. మాంటా విషయంలో ఒక చిన్న లెక్క వేశాను. పదేళ్లకి ఎదిగి, నలభై దాకా బతికి, మూడేళ్లకో పిల్లని కంటే జీవితం మొత్తంలో పదే పిల్లలు. చైనా సంప్రదాయ మందుల పేరుతో అమ్మే మొప్పల కోసం ఒక తల్లిని పడితే, ఆ లోటు తీరడానికి ఏళ్లు పడుతుంది.

అందుకే కురింజి కోసం 2006లో కేరళ ఇడుక్కి జిల్లాలో కురింజిమల అభయారణ్యం ప్రకటించారు. 2013లో మాంటాల అంతర్జాతీయ వ్యాపారాన్ని సైటిస్ ఒప్పందం నియంత్రణలోకి తెచ్చారు.

మా బ్రాంచ్‌లో స్లో అంటే తప్పు, వెంటనే సరిచేయాలి. ఈ రెండూ స్లోగా ఉండే ఇన్నాళ్లు నెగ్గుకొచ్చాయి. తొందర మనదే.

2030కి నాకు ఇరవై నాలుగు. ఈసారి నాన్నని నేనే తీసుకెళ్తాను. ఒక్క పువ్వు కూడా కోయం.