ఊరి మాటే నాణెం

కెన్యా మురికివాడల్లో చిరువ్యాపారులు తమ టోకెన్లు తామే జారీ చేసుకున్నారు. బ్యాంకు లేదు, బంగారం లేదు. మరి ఆ టోకెన్లకు విలువ ఎక్కడి నుంచి వచ్చింది?

2013 మే నెల. కెన్యా రేవుపట్నం మొంబాసాలో ‘బంగ్లాదేశ్’ అని పిలిచే మురికివాడ ఉంది. అక్కడి చిరువ్యాపారులు రంగురంగుల కాగితపు చీటీలు అచ్చు వేయించుకుని అమ్మకాలూ కొనుగోళ్లూ మొదలుపెట్టారు. వాటికి బంగ్లా-పెసా అని పేరు పెట్టుకున్నారు. కూరగాయలమ్మే ఆమె ఆ చీటీతో నీళ్లు కొనేది. నీళ్లమ్మే మనిషి అదే చీటీతో క్షౌరం చేయించుకునేవాడు. నెల తిరగకముందే పోలీసులు వచ్చారు. పథకానికి తోడ్పడిన విల్ రడిక్‌తో పాటు మరో ఐదుగురిని పట్టుకెళ్లి, దొంగ డబ్బు కేసు పెట్టారు. ఆగస్టు నాటికి అభియోగాలు వీగిపోయాయి. వాడవాళ్లు చీటీలను మళ్లీ చేతికి తీసుకున్నారు.

రడిక్ భౌతికశాస్త్రం చదివిన అమెరికన్. కెన్యాలో ఉండిపోయి గ్రాస్‌రూట్స్ ఎకనామిక్స్ అనే సంస్థను స్థాపించారు. కాగితపు చీటీతో మొదలైన ఆ పని తర్వాత బ్లాక్‌చెయిన్ మీద నడిచే టోకెన్‌గా మారింది. క్రిప్టో అనగానే రాత్రికి రాత్రి కోటీశ్వరులైనవాళ్ల కథలు, నిండా మునిగినవాళ్ల కథలే మనకు వినిపిస్తాయి. వాటికంటే ఈ కథ తెలియడం ముఖ్యం.

సరుకుంది, నగదే లేదు

పేదవాడల్లో పని చేసే చేతులకు, సరుకుకు కొరత ఉండదు. కొరతంతా చేతిలో ఆడే డబ్బుకే. దర్జీ మిషన్ ఖాళీగా ఉంటుంది, పక్కింటి పిల్లవాడి చొక్కా చిరిగే ఉంటుంది. కుట్టించుకోవడానికి ఆ ఇంట్లో షిల్లింగులు ఉండవు. వచ్చిన నగదు అద్దెకూ, స్కూలు ఫీజుకూ, టోకు వ్యాపారికీ పోతుంది. వాడలోకి వచ్చిన డబ్బు వాడలో రెండు చేతులు మారకుండానే బయటికి వెళ్లిపోతుంది.

బంగ్లా-పెసా ఈ ఖాళీని పూరించింది. సంఘంలో చేరే ప్రతి వ్యాపారికీ తోటి సభ్యులు హామీ ఉండాలి. ఆ హామీ మీదే చీటీలు అందుతాయి. చీటీ తీసుకున్నవారు, అది ఎవరి చేతిలోంచి తిరిగి వచ్చినా తమ సరుకో పనో ఇచ్చి తీరాలి. చీటీ వెనకున్న పూచీకత్తు ఇదొక్కటే. నాట్లప్పుడు ఒకరి పొలానికి ఒకరు బదులు వెళ్లిన రైతులకు ఈ లెక్క విడమర్చి చెప్పక్కర్లేదు. కెన్యా తీరప్రాంతంలోని మిజికెండా ప్రజలకూ ఇలా వంతులవారీగా పని పంచుకునే ఆచారం ఉంది. దాన్ని మ్వేరియా అంటారు. టోకెన్‌కు పునాది ఆ ఊళ్లలో ముందే ఉంది.

చీటీ నుంచి ఫోన్‌లోకి

నైరోబీ వాడల్లోనూ గటీనా-పెసా, కంగేమీ-పెసా, లిండీ-పెసా అంటూ ఎక్కడికక్కడ కాగితపు చీటీలు వచ్చాయి. కాగితంతో చిక్కులున్నాయి. చిరుగుతుంది, అచ్చుకు ఖర్చవుతుంది, ఒక వాడ చీటీ ఇంకో వాడలో చెల్లదు. 2018లో బాన్‌కోర్ అనే క్రిప్టో సంస్థ తోడ్పాటుతో ఈ చీటీలు బ్లాక్‌చెయిన్ మీదికి వెళ్లాయి. సరాఫు అన్న పేరు స్థిరపడింది. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు. మీటల ఫోన్‌లో కోడ్ నొక్కితే చాలు. 2007 నుంచీ ఎం-పెసాతో ఫోన్‌లో డబ్బు పంపుకోవడానికి అలవాటు పడ్డ జనం కాబట్టి కొత్తగా నేర్చుకోవలసింది తక్కువ.

ఇక్కడ బ్లాక్‌చెయిన్ చేసే పని లెక్క రాయడం. ఎన్ని టోకెన్లు పుట్టాయి, ఎవరి ఖాతాలోంచి ఎవరి ఖాతాలోకి వెళ్లాయి అన్నది, ఏ ఒక్కరూ దిద్దలేని చిట్టాలో ఉంటుంది. సంఘం పెద్ద గుట్టుగా నాలుగు చీటీలు ఎక్కువ అచ్చు వేసుకునే వీలుండదు.

అసలు పరీక్ష కరోనా రూపంలో వచ్చింది. 2020లో కూలి పనులు ఆగి, నగదు ఎండిపోయినప్పుడు నైరోబీలోని ముకురు వాడలో కెన్యా రెడ్‌క్రాస్ ఈ పద్ధతికి చేయి కలిపింది. క్వాలె జిల్లా కినాంగో పల్లెల్లో పొదుపు సంఘాలు దీన్ని బాగా వాడుకున్నాయి. అన్ని ప్రాంతాలూ కలిపి 2020 జనవరి, 2021 జూన్ మధ్య సుమారు 40 వేల మంది, 4 లక్షలకు పైగా లావాదేవీలు, 29 కోట్లకు పైగా సరాఫులు. ఆ చిట్టాను శోధించిన పరిశోధకులకు, టోకెన్ చాలావరకు ఆయా ప్రాంతాల్లోనే తిరిగిందని, పొదుపు సంఘాలు దాని నడకలో కీలకమని తేలింది. నగదు కరవులో కూడా ఊరి పని ఊరికి అందిందన్న మాట.

దాచుకుంటే తరిగేది

టోకెన్ తిరిగినంతకాలమే బతుకుతుంది. అందుకే తర్వాతి దశలో వాడకుండా ఉంచితే నెమ్మదిగా తరిగిపోయే నియమం తెచ్చారు. దీనికి పాత వరవడి ఉంది. 1932లో ఆస్ట్రియాలోని వోర్గల్ పట్టణ మేయర్ మిఖాయెల్ ఉంటర్‌గుగెన్‌బర్గర్ ఊరి నోట్లు జారీ చేశారు. నెలనెలా విలువలో నూటికి ఒక వంతు పెట్టి బిళ్ల అంటిస్తేనే ఆ నోటు చెల్లేది. దాచుకుంటే నష్టం కాబట్టి నోటు చకచకా చేతులు మారింది, నిరుద్యోగులకు రోడ్ల పని దొరికింది. 1933లో ఆ దేశ కేంద్ర బ్యాంకు దాన్ని ఆపించింది.

సరాఫుకూ హద్దులుండేవి. టోకు వ్యాపారి తీసుకునేవాడు కాదు. ఒకే దుకాణంలో టోకెన్లు పోగుపడితే ఆ దుకాణదారు ఇక వద్దనేవాడు. అందుకే ఒక్క టోకెన్‌ను దేశమంతా రుద్దకుండా, ఏ సంఘం టోకెన్ ఆ సంఘమే తన సరుకు మీద, తన శ్రమ మీద జారీ చేసుకుని, వాటిని ఉమ్మడి నిధిలో మార్చుకునే పద్ధతికి గ్రాస్‌రూట్స్ ఎకనామిక్స్ వాళ్లు మళ్లారు.

పేరొకటే, పని వేరు

ఇప్పుడు టోకెన్ పుట్టించడం నిమిషాల పని. 2024లో వచ్చిన పంప్ డాట్ ఫన్ లాంటి వేదికల్లో పేరూ బొమ్మా ఇస్తే చాలు. ‘ఇది కమ్యూనిటీ కాయిన్’ అని ఫోన్లలో గ్రూపులు పుడతాయి. అక్కడ కమ్యూనిటీ అంటే కొన్నవాళ్ల గుంపు. ఎవరూ ఎవరికీ ఏమీ బాకీ లేరు. తన తర్వాత వచ్చేవాడు ఎక్కువ పెట్టి కొంటాడన్న ఆశే అందరి పెట్టుబడి. 2025 ఫిబ్రవరిలో అర్జెంటీనా అధ్యక్షుడు హవియెర్ మిలే ప్రచారం చేసిన లిబ్రా టోకెన్ కొన్ని గంటల్లో ఎగిసి, కొన్ని గంటల్లోనే కూలింది. చివర్లో చేరిన మామూలు మనుషులు మునిగారు.

తెలుగు ఇళ్లలోకీ ఇలాంటి ఆహ్వానాలు వస్తున్నాయి. మన దేశంలో క్రిప్టో లాభం మీద 30 శాతం పన్ను ఉంది, నష్టాన్ని వేరే ఆదాయంలో సర్దుకునే వీల్లేదు. పన్ను కంటే ముందు అడగవలసిన ప్రశ్న ఒకటుంది: ఈ టోకెన్ నేను తిరిగి ఇస్తే, దీనికి బదులుగా బియ్యమో, కుట్టుపనో, ఒక పూట కూలో ఇస్తానని మాట ఇచ్చినవారు ఎవరు? వారి పేరు, వీధి చెప్పగలిగితే అక్కడ ఒక సంఘం ఉన్నట్టు. చెప్పలేకపోతే అక్కడున్నది ధర ఒక్కటే, అది ఎప్పుడైనా సున్నా కావచ్చు.

టోకెన్ జారీ చేయడం ఇవాళ ఎవరికైనా చేతనవుతుంది. తిరిగి తీసుకోవడానికి నిలబడే మనుషులను కూడగట్టడమే కష్టమైన పని. మొంబాసా చిరువ్యాపారులు ఆ కష్టాన్ని ముందు పడ్డారు, సాంకేతికతను తర్వాత తెచ్చుకున్నారు. మన పొదుపు సంఘాలు రేపు ఇలాంటి ప్రయోగానికి దిగితే, నేర్చుకోవలసింది ఈ వరసనే.