కణం ఎప్పుడు చావాలి? — కన్నెగంటి తిరుమలదేవి పరిశోధన

ఎండుమిరపకాయలకు బూజు పడితే మన ఇళ్లలో ఎండలో పోసి, దులిపి, బాగున్నవి ఏరుకుని కారం పట్టిస్తాం. బూజు రాలినా అది వదిలిన విషం మాత్రం పోదు. ఆ విషాల్లో ఒకటైన ఆక్రటాక్సిన్-ఎ మూత్రపిండాలకు చేటు. దాన్ని పట్టుకునే యాంటీబాడీలు తయారుచేసి, మిరపకాయల్లో ఎంత విషముందో ఎలైజా పరీక్షతో తేల్చే పద్ధతిని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలతో కూడిన ఒక బృందం 2000లో ప్రచురించింది. ఆ పత్రంలో మొదటి పేరు తిరుమలదేవిది. ఆ తర్వాత మిరియాలు, ధనియాలు, అల్లం, పసుపు కూడా పరీక్షించారు. రోగనిరోధక శాస్త్రంలో నేడు ప్రపంచమంతా ఎరిగిన కన్నెగంటి తిరుమలదేవి గారి తొలి అడుగులు మన వంటింటి దినుసుల మీదే పడ్డాయి.

ఆమెది సింగరేణి గనుల ఊరు కొత్తగూడెం. కాకతీయ విశ్వవిద్యాలయం నుంచి డిగ్రీ, ఉస్మానియా నుంచి ఎమ్మెస్సీ, పీహెచ్‌డీ. అమెరికా వచ్చాక కూడా కొన్నాళ్లు మొక్కల తెగుళ్ల మీదే పనిచేశారు. ఒహాయోలో ఉన్నప్పుడు ఆమె ఎంచుకున్నది బంగాళదుంపకు మాడు తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా. 1840లలో ఐర్లండును కరువుపాలు చేసింది ఈ సూక్ష్మజీవే. అది వదిలే ప్రొటీన్లలో రెండు కలిసినప్పుడు మొక్క కణాలు మరింత ఉద్ధృతంగా చచ్చిపోతాయని ఆమె బృందం 2006లో చూపింది. ఈ రెండింటి కలయిక సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ దానితో పని పడుతుంది.

మొక్కల నుంచి మనుషుల జబ్బులకు మారడం దారి తప్పడమని కొందరికి అనిపించవచ్చు. నాకలా తోచదు. శత్రువును పసిగట్టడానికి మొక్క కణాల్లో ఉండే కాపలా ప్రొటీన్లకూ మన కణాల్లోని ఎన్‌ఎల్‌ఆర్ ప్రొటీన్లకూ నిర్మాణంలో దగ్గరి పోలికలున్నాయి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో గాబ్రియేల్ నూనెజ్ ప్రయోగశాలలో ఆమె పట్టుకున్నది అలాంటి ప్రొటీన్నే. దాని పేరు ఎన్‌ఎల్‌ఆర్‌పీ3. బాక్టీరియా ఆర్‌ఎన్‌ఏ తగిలితే ఇది మేల్కొని కాస్పేస్-1 అనే ఎంజైమును పనిలోకి దించుతుందని 2006లో 'నేచర్' పత్రికలో వెల్లడించారు. గౌట్ జబ్బులోని యూరిక్ యాసిడ్ స్ఫటికాలు కూడా దీన్నే రేపుతాయని మరో బృందం అదే సంచికలో రాసింది. వాపు రావడానికి మూలమేమిటో తేల్చడంలో అదొక మలుపు.

2007లో ఆమె మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ పిల్లల పరిశోధన ఆసుపత్రిలో చేరారు. వైద్యానికి కుటుంబాల దగ్గర డబ్బు తీసుకోని ఆసుపత్రి అది. కణం చనిపోయే పద్ధతుల గురించి ఆమె చేసిన ప్రధానమైన పని అక్కడే జరిగింది. అపొప్టోసిస్‌లో కణం ముడుచుకుని, ముక్కలై, చుట్టుపక్కల వాటికి ఇబ్బంది లేకుండా పోతుంది. పైరొప్టోసిస్‌లో పొరకు రంధ్రాలు పడి, ఉబ్బి, లోపలి వాపు రసాయనాలన్నీ బయటికి చిమ్ముతుంది. నెక్రొప్టోసిస్‌లోనూ పొర చిరిగిపోతుంది. ఈ మూడూ దేని దారి దానిదేనని చాలాకాలం అనుకున్నారు. ఇన్‌ఫ్లుయెంజా వైరస్ సోకిన కణాల్లో జడ్‌బీపీ1 అనే ఒక్క ప్రొటీనే మూడింటినీ కదిలించగలదని ఆమె బృందం 2016లో చూపింది. ఇలా మూడూ కలగలిసిన మరణానికి 2019లో పానొప్టోసిస్ అని పేరు పెట్టారు. దీన్ని ప్రత్యేక మార్గంగా లెక్కించాలా అన్న చర్చ శాస్త్రజ్ఞుల్లో ఇంకా నడుస్తోంది. ఒక దారిని మూస్తే కణం మరో దారిన చస్తుందన్నది మాత్రం మందులు తయారుచేసేవాళ్లు పక్కన పెట్టలేని విషయం.

కోవిడ్ వచ్చింది. రోగుల ఒంట్లో పొంగిపొర్లే సైటోకైన్లనే వాపు రసాయనాల్లో అసలు కణాలను చంపేది ఏది? ఆమె బృందం ఒక్కొక్కదాన్నీ విడిగా కణాల మీద పోసి చూసింది. ఏ ఒక్కటీ పెద్దగా చంపలేదు. టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ఫెరాన్-గామా రెండూ కలిపి పోస్తే కణాలు చచ్చాయి. మొక్క కణాల్లో చూసిన కలయికే మళ్లీ ఎదురైంది. ఈ రెండింటినీ అడ్డుకునే యాంటీబాడీలు ఇస్తే, కరోనా సోకిన ఎలుకల్లో మరణాలు తగ్గాయి. ఈ ఫలితం 2021లో 'సెల్' పత్రికలో వచ్చింది.

మిషిగన్‌లో ఆమె పరిశోధించిన ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 మెదడు జబ్బులు పరిశోధించేవాళ్లకూ ముఖ్యమే. అల్జీమర్స్ లక్షణాలు కలిగించిన ఎలుకల్లో ఈ ప్రొటీన్ లేకపోతే జ్ఞాపకశక్తి అంతగా దెబ్బతినలేదని మరో బృందం 2013లో చూపింది. మెదడుకు కాపలా కాసే మైక్రోగ్లియా కణాల్లో ఇదే వాపును రగిలిస్తుంది. దీన్ని అణిచే మందుల మీద ఇప్పుడు మనుషుల్లో పరీక్షలు జరుగుతున్నాయి.

మన తెలుగు సంఘం మహాసభల్లో వైద్యులనూ, సాఫ్ట్‌వేర్ రంగంలో ఎదిగినవాళ్లనూ వేదికెక్కించి సత్కరిస్తున్నాం, మంచిదే. ప్రయోగశాలల్లో పనిచేసే తెలుగువాళ్లకు కూడా యువజన సదస్సులో ఒక గంట కేటాయించాలని సంఘ కార్యవర్గాన్ని కోరుతున్నాను. హైస్కూలు పిల్లలను ముందు వరుసలో కూర్చోబెట్టి, ప్రశ్నలు వాళ్లనే అడగనివ్వండి.