సొంత యాప్‌తో కంపెనీ పెడుతున్నారా? ఫండింగ్ తీసుకునే ముందు ఇది చూడండి

ఇన్వెస్టర్ల డబ్బు తీసుకోవాలా, వద్దా? స్టార్టప్ మొదలుపెట్టే ప్రతి ఒక్కరికీ వచ్చే డౌటే ఇది. రెండు దారులకీ ఉదాహరణలు చెన్నైలోనే ఉన్నాయి.

1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైన జోహో, వెంచర్ క్యాపిటల్ లేకుండానే, కస్టమర్లు కట్టిన డబ్బుతో ఎదిగింది. అదే జోహోలో పనిచేసిన గిరీశ్ మాతృభూతం బయటికొచ్చి 2010లో ఫ్రెష్‌డెస్క్ పెట్టారు. ఆక్సెల్, టైగర్ గ్లోబల్ లాంటి వాళ్ల దగ్గర ఫండింగ్ తీసుకున్నారు. ఇప్పుడు ఫ్రెష్‌వర్క్స్ అంటున్నది దాన్నే. 2021లో నాస్‌డాక్‌లో లిస్ట్ అయింది. అంటే 11 ఏళ్లలోనే!

మరి తేడా ఎక్కడ? ఫండింగ్ అప్పు కాదు, ఈఎంఐ ఉండదు. కానీ వీసీ ఫండ్ గడువు సాధారణంగా పదేళ్లు. ఆలోపు వాళ్ల డబ్బు పెరిగి వెనక్కి రావాలి. అందుకే కంపెనీని అమ్మాలి, లేదంటే ఐపీఓకి వెళ్లాలి. చిన్నగా, లాభాల్లో నడుపుకుంటానంటే వాళ్లు ఒప్పుకోరు.

ఖర్చంతా లాప్‌టాప్, సర్వర్ బిల్లే అయితే ఫండింగ్ జోలికి ఇప్పుడే వెళ్లొద్దు. ప్లే స్టోర్ డెవలపర్ అకౌంట్‌కి ఒక్కసారి 25 డాలర్లు కడితే చాలు (యాపిల్‌కైతే ఏటా 99, అది కాస్త బరువే). ముందు పది మంది డబ్బు కట్టి వాడతారేమో చూడండి. ఫుడ్ డెలివరీ లాంటి ఐడియా అయితే మాత్రం సొంత జేబుతో నెట్టుకురావడం చాలా కష్టం.