పొలం అంచున బొరియ: అమెరికా సేద్యంలో గ్రౌండ్‌హాగ్ వేట

అమెరికా ఈశాన్య, మధ్య పశ్చిమ రాష్ట్రాలలో సోయా చిక్కుడు, పశుగ్రాసం, కూరగాయలు పండించే రైతులు పంటకో పశువులకో తరచుగా నష్టం కలిగించే అడవి జంతువులన్నిటినీ కలిపి ‘వార్మింట్’ అని వ్యవహరిస్తారు. గ్రౌండ్‌హాగ్, తోడేలుకు దగ్గరి బంధువైన కాయోటీ, ఉడుత కుటుంబానికి చెందిన ప్రేరీ డాగ్, కాకి మొదలైనవి ఈ కోవలోకి వస్తాయి. జింక, టర్కీ కోడి వంటి వేట జంతువుల విషయంలో వేటకాలాన్నీ, చంపదగిన సంఖ్యనూ కట్టుదిట్టంగా నిర్ణయించిన రాష్ట్ర చట్టాలు వార్మింట్ల దగ్గరకు వచ్చేసరికి పట్టు బాగా సడలించాయి; పెన్సిల్వేనియా, ఒహాయో వంటి రాష్ట్రాలలో తుపాకితో జింకలను వేటాడే రోజులు మినహా దాదాపు ఏడాది పొడవునా గ్రౌండ్‌హాగ్‌ను వేటాడవచ్చు. చట్టం ఇంత వెసులుబాటు ఇచ్చినందువల్ల, ఏ జంతువును ఎప్పుడు, ఎందుకు చంపాలన్న నిర్ణయం చాలావరకు రైతు మీద, వేటగాడి మీద పడుతున్నది. ఆ నిర్ణయం సరిగా జరగాలంటే ముందు ఆ జంతువు జీవన విధానం తెలియాలి.

గ్రౌండ్‌హాగ్‌కే వుడ్‌చక్ అన్న మరో పేరు ఉన్నది. దాని శాస్త్రీయ నామం మార్మోటా మోనాక్స్. ఉడుత కుటుంబానికే చెందినదైనా చెట్ల మీద కాక నేలలో నివసించే ఈ జంతువు 2 నుంచి 6 కిలోల వరకు తూగుతుంది. పొట్టి కాళ్లతో, బలమైన గోళ్లతో మట్టిని తవ్వడంలో దానికి సాటి వచ్చే జీవులు ఆ పొలాలలో అరుదు. దట్టమైన అడవి దానికి అంతగా నచ్చదు. చెట్ల నీడ, పచ్చని మేత రెండూ అందుబాటులో ఉండే అడవి అంచులే దానికి అనువైన చోటు. ఐరోపా నుంచి వచ్చిన వలసదారులు అడవులు నరికి పొలాలు వేసినకొద్దీ అటువంటి అంచులు పెరిగి దాని సంతతీ పెరిగింది. రైతు తనకు శత్రువనుకుంటున్న జంతువు విస్తరించడానికి సేద్యమే దోహదం చేసిందన్న సంగతిని ఈ చర్చలో మరువకూడదు.

ఒక బొరియకు సాధారణంగా రెండు నుంచి ఐదు ద్వారాలు ఉంటాయి. ప్రధాన ద్వారం దగ్గర తవ్విపోసిన మట్టి దిబ్బగా కనిపిస్తుంది. మిగిలినవాటిలో కొన్నింటిని లోపలి నుంచి తవ్వడం వల్ల వాటి చుట్టూ మట్టి ఉండదు, గడ్డిలో అవి కంటికి ఆనవు. ప్రమాదం పసిగట్టిన క్షణంలో జంతువు వాటిలోకి దూకి మాయమవుతుంది. లోపల గది అడుగు మీటరున్నర లోతు దాకా ఉండవచ్చు. శరదృతువులో కొవ్వు పట్టిన గ్రౌండ్‌హాగ్ ఆ గదిలో చేరి వసంతారంభం దాకా శీతాకాల నిద్రలో ఉంటుంది. అది మామూలు నిద్ర కాదు, శరీరోష్ణత 37 డిగ్రీల నుంచి 5 డిగ్రీల సెల్సియస్ దరిదాపులకు పడిపోయి, గుండె నిమిషానికి కొద్దిసార్లు మాత్రమే కొట్టుకొనే స్థితి. మేలుకొన్న వెంటనే జత కడుతుంది. ఒక నెల గర్భం తరువాత ఏప్రిల్, మే నెలలలో నాలుగైదు పిల్లలు పుడతాయి, నడివేసవికి అవి తల్లిని విడిచి కొత్త బొరియలు వెతుక్కుంటాయి.

నష్టం కల్పన కాదు. మొలకెత్తిన సోయా సాళ్లను ఒక జంతువు కొద్ది రోజులలోనే నేలమట్టం చేయగలదు. పొలం నడుమ పంట బాగానే ఉండి, బొరియ ఉన్న అంచున మాత్రం అర్ధచంద్రాకారంలో నేల బోడిగా మిగలడం దాని పనికి గుర్తు. కాని చాలామంది రైతులను పంట నష్టం కంటే బొరియలే ఎక్కువగా బాధిస్తాయి. ఎత్తుగా పెరిగిన గడ్డిలో కనిపించని గుంటలో ట్రాక్టరు చక్రం దిగబడితే ఇరుసు విరగవచ్చు, గుర్రమో ఆవో అడుగు వేస్తే కాలు విరగవచ్చు. పశువుల కొట్టాల పునాదుల కింద, చెరువు కట్టలలో తవ్వితే ఆ కట్టడమే బలహీనపడుతుంది. అమెరికన్ రచయిత హెన్రీ డేవిడ్ థోరో 1854లో వెలువరించిన ‘వాల్డెన్’లో తన చిక్కుడు చేను కొంత భాగాన్ని వుడ్‌చక్‌లు తినివేశాయని రాసుకున్నాడు. 1883లో న్యూహ్యాంప్‌షైర్ శాసనసభ ఈ జంతువు సంగతి తేల్చడానికే ప్రత్యేకంగా ఒక సంఘాన్ని నియమించి, చంపిన ఒక్కొక్క వుడ్‌చక్‌కు 10 సెంట్ల బహుమానం ప్రకటించింది. ఫిబ్రవరి 2న గ్రౌండ్‌హాగ్ తన నీడను చూస్తుందా లేదా అన్నదాన్ని బట్టి శీతాకాలం ఎన్నాళ్లుంటుందో చెప్పే వేడుకకు 1887 నుంచి ప్రసిద్ధమైన పెన్సిల్వేనియాలోని పంక్సటానీ పట్టణంలో సైతం, ఆ తొలి రోజులలో గ్రౌండ్‌హాగ్‌ను వేటాడి విందు చేసుకొనేవారు.

వేట ఎక్కువగా మొదటి గడ్డికోత తరువాత, అంటే మే చివర, జూన్ నెలలలో ఊపందుకుంటుంది. గడ్డి పొట్టిగా ఉన్నప్పుడే ఉదయం, సాయంత్రం మేతకు వచ్చిన జంతువు దూరానికి కనిపిస్తుంది. తరచుగా వెనుక కాళ్ల మీద నిలబడి పరిసరాలను పరికించే ఈ జంతువు దగ్గరకు పోవడం కష్టం కనుక, పొలం ఒక వైపు కూర్చొని దుర్భిణి అమర్చిన రైఫిల్‌తో 200, 300 గజాల దూరం నుంచి కాల్చే పద్ధతి స్థిరపడింది. ఆ అవసరమే ఒక ప్రత్యేక ఆయుధ శాఖకు దారితీసింది: 1935లో వచ్చిన .220 స్విఫ్ట్, 1950లో రెమింగ్టన్ సంస్థ తెచ్చిన .222 వంటి తూటాలు చిన్న గుండును అత్యంత వేగంగా పంపుతాయి. స్విఫ్ట్ గుండు సెకనుకు 1,200 మీటర్లకు పైగా వేగం అందుకోగలదు. ఈ వేటకు వాడే గుండు పైపొర పలుచగా ఉండి, తగిలిన వెంటనే ముక్కలవుతుంది. అందువల్ల జంతువు తక్షణం మరణిస్తుంది, గురి తప్పి నేలకు తగిలినా గుండు ఎగిరి పక్క పొలం వైపు పోయే అవకాశం తగ్గుతుంది. తగ్గుతుందే కాని పూర్తిగా పోదు. చిన్నపాటి .22 తూటా సైతం సుమారు రెండున్నర కిలోమీటర్ల దాకా ప్రయాణించి ప్రాణం తీయగలదు కనుక, లక్ష్యం వెనుక మట్టి గుట్టో ఏటవాలు నేలో లేనప్పుడు తుపాకి పేల్చడం నేరం కాకపోయినా నేరంతో సమానమే. పెన్సిల్వేనియాలో ఇళ్లలో ఉండేవారి అనుమతి లేకుండా ఆ ఇళ్లకు 150 గజాల లోపల తుపాకితో వేటాడడం నిషిద్ధం. ఇతరుల పొలంలో అడుగుపెట్టడానికి రైతు అనుమతి తీసుకోవడం, గేటు మూసివేయడం, నిలబడిన పంటను తొక్కకపోవడం వంటి మర్యాదలు పాటించే వేటగాళ్లనే రైతులు మళ్లీ రానిస్తారు.

అయితే తుపాకి ఒక్కటే ఈ సమస్యను తీర్చదు. ఖాళీ అయిన బొరియను అనతికాలంలోనే, ముఖ్యంగా పిల్లలు చెదరిపోయే నడివేసవిలో, మరొక గ్రౌండ్‌హాగ్ ఆక్రమిస్తుంది. పైగా ఏప్రిల్, మే నెలలలో తల్లిని చంపితే పాలు మానని పిల్లలు బొరియలోనే ఆకలితో చనిపోతాయి. నిజంగా నష్టం జరుగుతున్న చోట, ఆ నష్టం చేస్తున్న జంతువునే ఎంచి, పిల్లలు స్వతంత్రంగా బ్రతకగలిగిన తరువాత వేటాడడం న్యాయం. కూరగాయల తోటకు అన్నిటికంటే నమ్మదగినది కంచె: మూడు, నాలుగు అడుగుల ఎత్తున్న తీగ వలను అడుగు లోతున పాతి, దాని అడుగు భాగాన్ని బయటి వైపుకు వంచి, నేలకు నాలుగైదు అంగుళాల ఎత్తున ఒక విద్యుత్ తీగను అమర్చితే తవ్వుకొని రావడమూ ఎక్కి రావడమూ రెండూ కష్టమవుతాయి. బోనులో పట్టి దూరంగా వదిలిపెట్టడం దయగా కనిపించినా, చాలా రాష్ట్రాలలో అనుమతి లేకుండా అలా చేయడం చట్టవిరుద్ధం. అమెరికాలో రేబిస్ బయటపడిన ఎలుక, ఉడుత వర్గపు జంతువులలో అధిక భాగం గ్రౌండ్‌హాగ్‌లే కావడం అందుకు ఒక కారణం.

ఇతర వార్మింట్ల చరిత్ర మరింత హెచ్చరికగా నిలుస్తుంది. జంతువుల వల్ల కలిగే నష్టాన్ని అదుపు చేయడానికి 1931లో సమాఖ్య ప్రభుత్వం చట్టం చేసిన నాటి నుంచి కాయోటీలను లెక్కలేనంతగా చంపినా, ఒకప్పుడు ఎక్కువగా పశ్చిమ ప్రాంతాలకే పరిమితమైన ఆ జంతువు ఇప్పుడు హవాయి తప్ప తక్కిన 49 రాష్ట్రాలలో ఉన్నది. గ్రౌండ్‌హాగ్‌ను తినే జీవులలో అది ముఖ్యమైనది కనుక, కాయోటీని తుడిచిపెట్టిన రైతు తన పొలంలో సహజమైన కాపలాను పోగొట్టుకున్నట్లే. ప్రేరీ డాగ్‌లకు పెద్దఎత్తున విషం పెట్టడంతో, వాటినే తిని బ్రతికే నల్లకాళ్ల ఫెరెట్ అంతరించిపోయిందని భావించారు. 1981లో వయోమింగ్‌లోని మీటీట్సీ దగ్గర కొన్ని దొరకకపోయి ఉంటే ఆ భావనే నిజమై ఉండేది. వేటకు వాడే తూటా సంగతీ అంతే: సీసపు గుండు ముక్కలున్న కళేబరాలను తిన్న గద్దలు, రాబందులు విషంతో మరణిస్తున్నందువల్ల కాలిఫోర్నియా 2019 జులై నుంచి అన్ని రకాల వేటలోనూ సీసపు తూటాలను నిషేధించింది.

గ్రౌండ్‌హాగ్ వల్ల కలిగే మేలు కూడా లెక్కలోకి రావాలి. అది వదిలేసిన బొరియలలో నక్కలు, కుందేళ్లు, స్కంకులు, ఒపోసమ్‌లు ఆశ్రయం పొందుతాయి. తవ్వినప్పుడు కింది మట్టి పైకి వచ్చి పై మట్టితో కలుస్తుంది. ఫిలడెల్ఫియా జంతు ప్రదర్శనశాలలోని వుడ్‌చక్‌లలో కాలేయ క్యాన్సర్‌ను గమనించిన శాస్త్రవేత్తలు 1978లో వాటిలో మానవ హెపటైటిస్-బి వైరస్‌ను పోలిన వైరస్‌ను ప్రకటించారు; అప్పటి నుంచి దీర్ఘకాలిక హెపటైటిస్‌నూ, దానివల్ల వచ్చే క్యాన్సర్‌నూ అధ్యయనం చేయడానికి, మందులను పరీక్షించడానికి ఈ జంతువు ఎంతగానో ఉపయోగపడింది.

తెలుగు రైతులకు ఈ సమస్య రూపం కొత్తది కాదు. ఇక్కడ గ్రౌండ్‌హాగ్ లేకపోయినా అడవి పంది, కోతి, పందికొక్కు ఉన్నాయి. భారతదేశంలో మాత్రం చట్టం వేరు దారి పట్టింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించి, కొన్ని జంతువులను హానికర జంతువులుగా ప్రకటించే అధికారాన్ని కేంద్రానికి ఇచ్చింది. ఎలుకలు, కాకుల వంటివాటిని అయిదో షెడ్యూలులో అటువంటి జీవులుగా చేర్చగా, 2022 సవరణ ఆ షెడ్యూలును తొలగించింది. కేంద్రానికున్న అధికారంతోనే బిహార్‌లో నీల్‌గాయి, అడవి పందులను నిర్ణీత కాలానికి హానికర జంతువులుగా ప్రకటించగా, 2016లో మొకామా ప్రాంతంలో నీల్‌గాయిలను కాల్చడానికి హైదరాబాదు నుంచి షూటర్లు వెళ్లడం దేశమంతటా వివాదమైంది.

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా వంటి చోట్ల పెరట్లో బెండ, చిక్కుడు, ఆనప పండించుకొనే తెలుగు కుటుంబాలకు ఈ జంతువు నేరుగా తారసపడుతుంది. ఇళ్ల నడుమ తుపాకికి తావు లేదు. విత్తనాలు వేయకముందే కంచె పాతుకోవాలి, బోను పెట్టదలచుకుంటే ముందుగా తమ రాష్ట్ర వన్యప్రాణి శాఖ నియమాలు తెలుసుకోవాలి, బొరియలో చెయ్యి పెట్టకూడదని పిల్లలకు చెప్పాలి.